గదిలో గగనయానం

గగనవిహారం మానవుని చిరకాల వాంఛ. ఆ కోరికను ఇంటిలోని చిన్న కంప్యూటరుపై కొంతవరకు తీర్చినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చదువుతూ, విమానయాన దృశ్యాలను తెరపై చూపే విధానాన్ని గురించి ఆయన 1975లో పరిశోధన వ్యాసం రచించాడు. అనంతరం ఆపిల్ 2 కంప్యూటరు కొరకు 'ఫ్లైట్ సిమ్యులేటర్'ను రూపొందించాడు. సుమారు ఒక మెగాహెర్ట్జ్ వేగం మాత్రమే గల ఆ యంత్రం, విమానం కదిలిన ప్రతిసారీ దృశ్యాన్ని తిరిగి గణించవలసి వచ్చేది. అందుచేత నేల, కొండలు కేవలం గీతలుగానే కనిపించేవి. మిగిలినదంతా ఆటగాని ఊహయే పూరించేది.

1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఈ ఆటను ఐ.బి.ఎం. పి.సి.కి అందించింది. అందులో విమానం షికాగోలోని మెగ్స్ ఫీల్డ్ నుండి బయలుదేరేది. 2003లో ఆ విమానాశ్రయం మూతపడింది. నేలపై చెరిగిపోయిన ఆ రన్‌వే, నాటి ఆటలో మాత్రం నేటికీ నిలిచి ఉంది.