ఏ ఊరి పిజ్జాకు ఆ ఊరి కొలత: అమెరికాలో కొత్తగా స్థిరపడే తెలుగువారికి

అమెరికాకు కొత్తగా వచ్చే తెలుగు కుటుంబాలలో చాలామందికి పిజ్జా కొత్త తిండి కాదు. 1996లో డామినోస్ భారతదేశంలో వ్యాపారం ప్రారంభించిన తరువాత హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం మొదలుకొని చిన్న పట్టణాల వరకు విస్తరించిన చైన్ దుకాణాల వల్ల పన్నీరు, మొక్కజొన్న గింజలు, క్యాప్సికం పరచిన మెత్తని పిజ్జా వారికి బాగా పరిచయమైంది. ఆ పరిచయం కొత్త చోట రెండు విధాలుగా దారి తప్పిస్తుంది: కొందరు తెలిసిన పేరుగల దుకాణానికే పరిమితమై, ఆ ప్రాంతంలో రెండు మూడు తరాలుగా నడుస్తున్న పిజ్జేరియాలను, అనగా పిజ్జాయే ప్రధాన వంటకంగా గల దుకాణాలను, గమనించకుండా ఉండిపోతారు, మరికొందరు అక్కడికి వెళ్లినా అంచు మాడిందనో, చీజ్ తక్కువైందనో, నడుమ సరిగా కాలలేదనో పెదవి విరుస్తారు. నిజానికి వలస వచ్చిన ఇటాలియన్లు, వారి తరువాత ఇతరులు, ఏ పట్టణంలో ఏ పొయ్యి, ఏ పాత్ర, ఏ చీజ్ అందుబాటులో ఉంటే దానితో మలచుకున్న అనేక ప్రాంతీయ వంటకాలకు అమెరికాలో పిజ్జా అనేది ఉమ్మడి పేరు. అందువల్ల మంచి పిజ్జాను వెదికేవారు ముందుగా తాము చేరిన ప్రాంతంలో ఏ శైలి పుట్టిందో, అది బాగా కుదిరినప్పుడు ఎలా ఉంటుందో తెలుసుకొని, ఆ తరువాతే దుకాణాన్ని ఎంచుకోవడం మేలు.

న్యూయార్క్, న్యూజెర్సీ, కనెటికట్

న్యూజెర్సీలోని ఎడిసన్, ఐసెలిన్, ప్లెయిన్స్‌బరో వంటి పట్టణాలలో దిగినవారికి మొదట ఎదురయ్యేది న్యూయార్క్ శైలి. మాన్‌హాటన్‌లోని స్ప్రింగ్ వీధిలో 1905లో మొదలైన లొంబార్డీస్‌ను అమెరికాలో తొలి పిజ్జేరియాగా సాధారణంగా పేర్కొంటారు. తొలినాళ్లలో బొగ్గు పొయ్యిలో కాల్చిన ఈ పిజ్జా, రెండవ ప్రపంచ యుద్ధం తరువాత గ్యాస్ ఓవెన్లు వ్యాపించడంతో, నిలబడి తినే ముక్కలుగా అమ్ముడుపోసాగింది. ఈ ముక్కను స్లైస్ అని, మొత్తం పిజ్జాను పై అని వ్యవహరిస్తారు. 18 అంగుళాల పైని సాధారణంగా ఎనిమిది స్లైసులుగా కోస్తారు. గ్లూటెన్, అనగా పిండికి సాగే గుణాన్నిచ్చే మాంసకృత్తు, ఎక్కువగా గల పిండి వాడతారు కనుక, స్లైసును నిలువుగా మడిచినప్పుడు అడుగు విరిగిపోకుండా వంగాలి, కొన వేలాడి టాపింగులు జారిపోకూడదు. స్లైసులను ముందుగా కాల్చి ఉంచి, అడిగినప్పుడు మళ్లీ వేడిచేసి ఇస్తారు కాబట్టి, జనం ఎడతెగకుండా వచ్చే దుకాణంలో మధ్యాహ్న భోజన వేళ తీసుకున్న స్లైసుకు, ఖాళీ దుకాణంలో సాయంత్రం దాకా మిగిలిన స్లైసుకు చాలా తేడా ఉంటుంది.

న్యూజెర్సీ నడిమి భాగంలో, ట్రెంటన్ నగరం చుట్టుపక్కల, టొమాటో పై అనే మరొక శైలి ఉంది; ఇందులో చీజ్ ముందు పరచి, నలిపిన టొమాటోలను దానిపైన వేస్తారు కనుక పులుపు ముందుగా నాలుకకు తగులుతుంది. ఈ శైలికి పేరుపడిన పాపాస్ టొమాటో పైస్ 1912 నుంచి నడుస్తుండగా, మరొక పేరుగల దుకాణం డి లొరెంజోస్ రాబిన్స్‌విల్‌లో ఉంది. ఆ ఊరి అక్షరధామ్ ఆలయానికి వెళ్లే తెలుగు కుటుంబాలకు ఇది దారిలోనే దొరికే అవకాశం.

కనెటికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్‌లో, వూస్టర్ వీధిలో 1925లో వెలిసిన ఫ్రాంక్ పెపె, 1938లో వెలిసిన శాలీస్ దుకాణాలు నేటికీ బొగ్గు పొయ్యినే వాడుతున్నాయి. అధిక వేడి వల్ల అంచు మీదా అడుగు మీదా నల్లని మచ్చలు పడతాయి. కొత్తవారు మాడిపోయిందని భావించే ఆ మచ్చలే అక్కడివారు కోరుకునే గుణం. అక్కడ ప్లెయిన్ పై అడిగితే టొమాటో, కొద్దిగా తురిమిన పెకోరీనో చీజ్, ఆలివ్ నూనె మాత్రమే ఉంటాయి. సాగే చీజ్ కావాలంటే మొజరెల్లా వేయమని ప్రత్యేకంగా చెప్పాలి.

షికాగో, డెట్రాయిట్, సెయింట్ లూయిస్

షికాగో పేరు చెప్పగానే స్ఫురించే డీప్ డిష్, 1943లో ఐక్ సూయెల్, రిక్ రికార్డో ప్రారంభించిన పిజ్జేరియా ఊనోతో ముడిపడింది. లోతైన పళ్లెంలో పిండిని గోడలా నిలిపి, అడుగున చీజ్, దానిపై టాపింగులు, అన్నిటికన్నా పైన టొమాటో సాస్ వేస్తారు. కాలడానికి అరగంటకు పైగా పడుతుంది గనుక, చీజ్ పైన ఉంటే మాడిపోతుందన్నది ఈ వరుస వెనుక కారణం. స్టఫ్డ్ పిజ్జాలో చీజ్ మీద పలుచని పిండి పొర ఇంకొకటి అదనంగా వస్తుంది, అందులో పాలకూర నింపినది శాకాహారులకు అనుకూలం. అయితే ఆరోరాలోని వేంకటేశ్వర స్వామి ఆలయ పరిసరాల్లోను, నేపర్‌విల్‌లోను నివసించే తెలుగువారు గుర్తించవలసిందేమంటే, స్థానికులు మామూలు రోజుల్లో ఎక్కువగా తినేది టావెర్న్ శైలి పిజ్జా, అనగా ఒకప్పుడు బార్లలో పానీయాలకు తోడుగా పెట్టిన, అప్పడంలా పలుచగా కరకరలాడే, చిన్న చతురస్రాలుగా కోసిన పిజ్జా. డీప్ డిష్ అతిథులు వచ్చినప్పుడు తినేది. బరువైనది కనుక ఒక్కొక్కరికి రెండు ముక్కలు చాలు, ముందుగా ఫోనులో ఆర్డరు ఇస్తే నిరీక్షణ తప్పుతుంది.

డెట్రాయిట్ శైలి ఆ నగరపు వాహన పరిశ్రమ నుంచే పుట్టింది. 1946లో గస్ గెర్రా తన బడీస్ దుకాణంలో, కార్ఖానాలలో చిన్న విడిభాగాలు ఉంచడానికి వాడే నీలిరంగు ఉక్కు ట్రేలలో పిజ్జా కాల్చడం మొదలుపెట్టాడని చెబుతారు. విస్కాన్సిన్ రాష్ట్రపు బ్రిక్ అనే వెన్న ఎక్కువగల చీజ్‌ను ట్రే గోడల వరకు పరచడం వల్ల, అది కరిగి ఉక్కుకు తగిలి, ముదురు గోధుమరంగు పెళుసు అంచుగా మారుతుంది. సాస్ చారలుగా పైన వస్తుంది. రెండు వైపులా పెళుసు అంచు ఉండే మూల ముక్కే ఇందులో విలువైనది. ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ శివార్లలో వాహన సంస్థల ఉద్యోగాల కోసం స్థిరపడే తెలుగు ఇంజినీర్లకు, తాము పనిచేసే పరిశ్రమే ఆ ఊరి పిజ్జాకు ఆకారమిచ్చిందన్న సంగతి ఆసక్తి కలిగిస్తుంది.

సెయింట్ లూయిస్‌లో ఈస్ట్ లేని, బిస్కెట్ వంటి పలుచని పిండిపై ప్రోవెల్ వేస్తారు. చెడ్డర్, స్విస్, ప్రోవలోన్ చీజ్‌లను కలిపి తయారుచేసిన ఈ ప్రాసెస్డ్ చీజ్ సాగదు, నోటికి జిగటగా అతుక్కుంటుంది. మొదటిసారి నచ్చనివారు మొజరెల్లా వేయమని అడగవచ్చు.

పశ్చిమ తీరం, దక్షిణాది

కాలిఫోర్నియాలో 1980ల నుంచి, వూల్ఫ్‌గాంగ్ పక్ 1982లో ప్రారంభించిన స్పాగో వంటి రెస్టారెంట్ల ప్రభావంతో, ఆయా కాలాల్లో దొరికే కూరగాయలను టాపింగులుగా వేయడం అలవాటైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1980లలోనే జాంటే అనే దుకాణం పాలకూర, పన్నీరు, తందూరీ కోడితో భారతీయ పిజ్జాను మొదలుపెట్టింది; నేడు బే ఏరియాలో అటువంటి దుకాణాలు అనేకం. ఇక దక్షిణాదిన, డాలస్ శివార్లయిన ఫ్రిస్కో, అర్వింగ్ వంటి వేగంగా పెరిగిన పట్టణాలకు పేరుపడిన సొంత శైలి లేదు. అక్కడ తూర్పు తీరం నుంచో, షికాగో నుంచో, డెట్రాయిట్ నుంచో వచ్చినవారు నడిపే దుకాణాలను వెదికి, ఆ శైలికి గల కొలతనే వాటికీ వర్తింపజేయాలి.

కట్టెల పొయ్యిగల నేపుల్స్ శైలి దుకాణాలు దాదాపు ప్రతి పెద్ద నగరంలోను ఉన్నాయి. ఈ శైలి నియమాలను 1984లో నేపుల్స్‌లో ఏర్పడిన సంఘం నిర్దేశిస్తుంది, అక్కడి పిజ్జా వండేవారి కళను యునెస్కో 2017లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మహా వేడిలో 60 నుంచి 90 సెకన్లలోనే కాలిపోతుంది కనుక నడుమ తడిగా, మెత్తగా ఉండడం దీని లక్షణమే. దీన్ని పెట్టెలో ఇంటికి తీసుకుపోకుండా అక్కడే కూర్చొని తినాలి.

దుకాణాన్ని పరీక్షించే పద్ధతి

కొత్త టిఫిన్ సెంటరును ఇడ్లీ, చట్నీతో అంచనా వేసినట్లే, కొత్త పిజ్జేరియాను ఏ టాపింగూ లేని సాదా చీజ్ పిజ్జాతో అంచనా వేయాలి. టాపింగులు ఎక్కువైన కొద్దీ పిండిలోని లోపాలు కనిపించకుండా పోతాయి. స్లైసు అడుగు భాగాన్ని తిప్పి చూస్తే తెల్లగా కాక గోధుమరంగు మచ్చలతో ఉండాలి. అంచును విరిస్తే లోపల చిన్నా పెద్దా గాలి గదులు కనిపించాలి, ఎందుకంటే పిండి చాలినంత సేపు పులిసిందనడానికి అవే నిదర్శనం. అంచు తినబుద్ధి కాక పళ్లెంలో వదిలేయవలసి వస్తే ఆ దుకాణం పిండిపై శ్రద్ధ పెట్టడం లేదని భావించవచ్చు. బర్గర్లు, పాస్తా, కోడి రెక్కల వేపుడు, ఐస్‌క్రీములతో నిండిన సుదీర్ఘ మెనూ కన్నా, పిజ్జాలే ప్రధానంగా గల పొట్టి మెనూ సాధారణంగా మంచి సూచన. సహోద్యోగులను అడిగేటప్పుడు మంచి పిజ్జా ఎక్కడ అని కాక, వారు చిన్నప్పుడు ఇంట్లో తెప్పించుకున్నది ఎక్కడి నుంచి అని అడిగితే, ఆ ఊరి పాత దుకాణాల పేర్లు తెలుస్తాయి.

శాకాహారులు, ఆహార నియమాలు గలవారు

వెజిటేరియన్ అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని సందేహాలూ తీరవు. చీజ్ తయారీలో పాలను గడ్డకట్టించే ఎంజైముల మిశ్రమాన్ని రెనెట్ అంటారు. సంప్రదాయంగా దీన్ని లేగదూడ పొట్ట పొర నుంచి తీస్తారు. అసలైన పార్మిజానో రెజ్జానోలో దూడ రెనెట్, పెకోరీనో రొమానోలో గొర్రెపిల్ల రెనెట్ నియమానుసారం ఉంటాయి. అదే పని చేసే, సూక్ష్మజీవుల ద్వారా తయారయ్యే కైమోసిన్ అనే ఎంజైమును అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1990లో ఆమోదించిన తరువాత అక్కడి చీజ్‌లో అధికభాగం దానితోనే తయారవుతోంది. అందువల్ల సాదా మొజరెల్లా విషయంలో ఇబ్బంది తక్కువ, పైన తురిమే గట్టి చీజ్ విషయంలోనే అడగడం అవసరం. పట్టింపు ఉన్నవారు సాస్‌లో చేపగాని మాంసపు రసంగాని ఉన్నదా, పిండిలో పంది కొవ్వు కలుపుతారా, పిజ్జా కోసే కత్తిని విడిగా ఉంచుతారా అన్న మూడు ప్రశ్నలు ఫోనులోనే అడిగితే సరిపోతుంది. యూదుల కోషర్ నియమం ప్రకారం పాలు, మాంసం కలపరాదు కాబట్టి, కోషర్ డెయిరీ పిజ్జేరియాలలో మాంసం అసలే ఉండదు. చేప మాత్రం ఉండవచ్చు. ఇవి శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడే వరకు మూసి ఉంటాయి.

మాంసాహారులు కూడా టాపింగుల పేర్లు తెలుసుకోవాలి: పెప్పరోనీ సాధారణంగా పంది, ఆవు మాంసాల మిశ్రమం, ఇటాలియన్ సాసేజ్ పంది మాంసం, ఆంచోవీ ఉప్పులో ఊరిన చిన్న చేప. పంది, ఆవు మాంసాలు రెండూ తిననివారికి కోడి మాంసం ఒక మార్గం. హలాల్ పాటించేవారికి ఆవు మాంసపు పెప్పరోనీ వాడే హలాల్ పిజ్జేరియాలు పెద్ద నగరాలలో లభిస్తాయి.

కారం, కొలత, బిల్లు

అమెరికన్ పిజ్జా సాస్‌లో కారం ఉండదు గనుక, బల్లమీద ఉచితంగా ఉంచే ఎండుమిరప పలుకుల డబ్బా, ఊరవేసిన హాలపీన్యో, కాలాబ్రియా మిరప తెలుగువారికి అక్కరకొస్తాయి. కనెటికట్‌లోని స్టామ్‌ఫర్డ్‌లో 1935 నుంచి ఉన్న కాలనీ గ్రిల్ పలుచని పిజ్జాపై మిరప నూనె వేసి ఇస్తుంది. ఆ ప్రాంతానికి చేరినవారు ముందుగా దీన్ని రుచి చూడవచ్చు.

ఆర్డరు ఇచ్చేటప్పుడు వ్యాసాన్ని కాక వైశాల్యాన్ని లెక్కించాలి: 12 అంగుళాల పిజ్జా వైశాల్యం దాదాపు 113 చదరపు అంగుళాలు కాగా, 18 అంగుళాలది దాదాపు 254, అంటే పెద్దది ఒక్కటి, చిన్నవి రెండింటికన్నా ఎక్కువ. ఇంట్లో రుచులు వేరైతే సగం ఒక టాపింగు, సగం మరొకటి అడగవచ్చు. బాగా కాలాలంటే వెల్ డన్ అని చెప్పాలి. మెనూలోని ధరకు అమ్మకపు పన్ను అదనం. కూర్చొని తింటే 15 నుంచి 20 శాతం టిప్పు మర్యాదగా భావిస్తారు, కౌంటరులో స్లైసు కొన్నప్పుడు అది ఐచ్ఛికం, డెలివరీ రుసుము తెచ్చిన వ్యక్తికి చెందే టిప్పు కాదు. మిగిలిన ముక్కలను మైక్రోవేవ్‌లో కాక, దోశె పెనంపై సన్నని సెగన మూతపెట్టి వేడిచేస్తే అడుగు మళ్లీ పెళుసుగా అవుతుంది.

ఉద్యోగం మారినప్పుడల్లా రాష్ట్రం మారవలసివచ్చే తెలుగు కుటుంబాలకు, డెట్రాయిట్‌లో నచ్చిన దుకాణం డాలస్‌లో దొరకదు, న్యూజెర్సీలో కుదిరిన రుచి షికాగోలో కుదరదు. ఊరి శైలిని ముందు గుర్తించడం, సాదా పిజ్జాతో పరీక్షించడం, తమ నియమాలకు తగిన ప్రశ్నలు సంకోచించక అడగడం అనే పద్ధతి మాత్రం ఏ ఊరికి మారినా పనికివస్తుంది. దాన్ని అలవరచుకున్నవారికి కొత్త చోట తమదనిపించే దుకాణాన్ని కనుగొనడం కష్టం కాదు.