చూపు లేని గినీ పిగ్‌ను దత్తత తీసుకుంటున్నారా?

ఒళ్లంతా తెల్లని బొచ్చు, సరిగా ఎదగని కళ్లు, వినపడని చెవులు, వంకర పళ్లు. ఇలా పుట్టే గినీ పిగ్‌లను పెంపకందార్లు ‘లీథల్ వైట్’ అంటారు. రోన్ లేదా డాల్మేషియన్ రకం ఆడ, మగలను జత కట్టిస్తే పుట్టే ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు ఈ ముప్పు ఉంటుంది. వీటిలో చాలావరకు చిన్నతనంలోనే పోతాయి. ఓపిగ్గా సాకేవాళ్లు దొరికి ఏళ్లపాటు హాయిగా బతికినవీ ఉన్నాయి. అలాంటి ప్రాణాన్ని ఇంటికి తెచ్చుకోవాలంటే జాలి ఒక్కటే చాలదు, వేళ తప్పని పద్ధతి కావాలి. ఆ పద్ధతి ఇదీ.

1. ముందు వైద్యుణ్ని వెతకండి

మన ఊళ్లలో పశువైద్యులు ఎక్కువగా పాడిపశువులను, కుక్కలను, పిల్లులను చూస్తారు. గినీ పిగ్ పళ్లు అరగదీయడం తెలిసినవారు ఎక్కడున్నారో దత్తతకు ముందే కనుక్కోండి. అమాక్సిసిలిన్ వంటి పెన్సిలిన్ మందులు నోటి ద్వారా ఇస్తే వీటి పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి ప్రాణం పోవచ్చు. ఇంట్లో మిగిలిన మాత్ర ఏదీ సొంతంగా వేయకండి.

2. ఇచ్చేవారిని వివరంగా అడగండి

ఇప్పుడు బరువెంత? తనంతట తాను ఏం తినగలదు? పళ్లు చివరిసారి ఎప్పుడు అరగదీయించారు? ఆడదైతే చూలుతో ఉందా? ప్రతి జవాబూ రాసుకోండి. అక్కడ తింటున్న మేతనే కొన్నాళ్లు కొనసాగించండి.

3. గూడు సిద్ధం చేయండి

దీనికీ, తోడుగా ఉండే మరోదానికీ కలిపి కనీసం పది చదరపు అడుగుల చదునైన నేల కావాలి. మెట్లు, అంతస్తులు వద్దు. తీగల అడుగున్న పంజరంలో పాదాలు పుండ్లు పడతాయి. మెత్తని ఫ్లీస్ గుడ్డ పరచండి. నీళ్ల సీసా, గడ్డి తొట్టి, దాక్కునే డబ్బా మొదటిరోజు ఎక్కడ పెడితే ఎప్పటికీ అక్కడే ఉండాలి. చూపు లేని ప్రాణి దారి గుర్తుపట్టేది వాసనతోనూ మీసాలతోనూ కాబట్టి, శుభ్రం చేసినప్పుడు పాత గుడ్డ ముక్క ఒకటి ఉంచండి.

27 డిగ్రీలు దాటితే వీటికి వడదెబ్బ ముప్పు. మన ఏప్రిల్, మే నెలల్లో చల్లని గది లేకుండా పెంచడం కుదరదు.

4. మేత

గినీ పిగ్ పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీసేది గడ్డి నమలడమే. అందుకే మేతలో ఎక్కువ భాగం టిమోతి వంటి ఎండుగడ్డి ఉండాలి. మందులు చల్లని చోట కోసిన పచ్చి గరిక కూడా పెట్టవచ్చు. మనిషిలాగే దీని ఒంట్లోనూ విటమిన్ సి తయారుకాదు. ఆరోగ్యంగా ఉన్నదానికే కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాముల పైన అవసరం, జబ్బు చేస్తే ఇంకా ఎక్కువ. రోజూ ఒక క్యాప్సికం ముక్క, కాస్త కొత్తిమీర ఇవ్వండి. విటమిన్ చుక్కలు నీళ్లలో కలిపితే త్వరగా నిర్వీర్యమవుతాయి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప పెట్టకూడదు.

5. చేత్తో తినిపించడం

అసలు పని ఇదే. పళ్లు సరిగా లేనిది గడ్డి నమలలేదు. గినీ పిగ్ పెల్లెట్లను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, జారుగా మెదపండి. వేడినీళ్లు పోస్తే విటమిన్ సి పోతుంది. ముట్టుకునే ముందు చెయ్యి ముక్కు దగ్గర పెట్టి వాసన చూడనివ్వండి. వెనకనుంచి హఠాత్తుగా పట్టుకుంటే బెదిరిపోతుంది. ఒక చెయ్యి ఛాతీ కింద, మరో చెయ్యి పిరుదుల కింద వేసి ఎత్తి, ఒళ్లో తువ్వాలు మీద కూర్చోబెట్టండి. వెల్లకిలా తిప్పకండి.

ముందుపళ్లకూ దవడపళ్లకూ మధ్య ఖాళీ ఉంటుంది. సన్నని సిరంజి మొనను పక్కనుంచి ఆ ఖాళీలో పెట్టి, అర మిల్లీలీటరు చొప్పున వదలండి. నమిలి మింగాకే తరవాతిది. ఒక్కసారిగా వదిలితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రోజుకు ఎన్నిసార్లు, ఎంత పెట్టాలన్నది బరువు చూసి వైద్యుడు చెప్పాలి. పూటంతా ఏమీ తినకపోతే పేగుల కదలిక ఆగిపోవచ్చు. తెల్లవారేదాకా ఆగకుండా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

6. తోడు

గినీ పిగ్ మంద జీవి. స్విట్జర్లాండ్‌లో ఒంటరిగా ఉంచకూడదన్న నియమం 2008 నుంచి అమల్లో ఉంది. మీది ఆడదైతే నెమ్మదస్తురాలైన ఆడదాన్నే తోడుగా ఎంచుకోండి. కొత్తగా వచ్చినదాన్ని రెండు మూడు వారాలు విడిగా ఉంచి, జబ్బేమీ లేదని తేలాకే రెండింటినీ కలపండి. కుందేలును మాత్రం కలపకండి, దాని నుంచి బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా సోకి న్యుమోనియా రావచ్చు.

7. తూకం

వంటింటి కాటా మీద రోజూ ఒకే వేళకు తూచి రాయండి. పది ఇరవై గ్రాములు అటూ ఇటూ అవడం మామూలే. యాభై గ్రాములు తగ్గిందంటే, పైకి హుషారుగా ఉన్నా వైద్యుడికి చూపించాలి. ఇవి జబ్బును చివరిదాకా దాచుకుంటాయి.

మీరు ఊరెళ్లినప్పుడు ఈ పని చేయగల మనిషి ఇంకొకరు ఇంట్లో ఉండాలి. ఏళ్ల తరబడి ఇలా చేయగలమని ఇంటిల్లిపాదీ ఒప్పుకుంటేనే తెచ్చుకోండి. కుదరదంటే, ఇప్పటికే సాకుతున్న ఒకరికి గడ్డి ఖర్చో, వైద్యం ఖర్చో భరించండి. అదీ ఆ ప్రాణాన్ని నిలబెట్టే సాయమే.