ఉదయగిరిలోని మేనల్లునికి

ఆత్మకూరు



మొన్న పెండ్లి పనిమీద ఉదయగిరికి వచ్చి బస్టాండులో దిగినంతనే నిన్ను చూచితిని. నీవును నన్ను చూచితివి. చూచియు పలుకరింపక పండ్ల బండ్ల వెనుకగా సందులోనికి వెడలిపోయితివి. నాకు కోపము రాలేదు. ఏబదియేండ్ల నాడు, చేత బి.ఏ. పట్టా యుండియు కొలువు లేని కాలమున, నెల్లూరు ట్రంకు రోడ్డులో మా లెక్కల మాస్టారు ఎదురురాగా నేనును అట్లే ఒక బట్టల దుకాణములో దూరి, కొనజాలని పంచెల ధరలడుగుచు ఆయన దాటిపోవువఱకు నిలిచితిని. "ఇప్పుడేమి చేయుచున్నావురా?" అని ఆయన ఆప్యాయముగానే అడుగునని తెలియును, ఆ ఆప్యాయతయే అప్పుడు నాకు భరింపరానిదయ్యెను. నిన్ను ఆ సందులోనుండి మరల పెద్దవీథిలోనికి పిలుచుటకే ఈ జాబు.

మొదట ఒక అన్యాయపు లెక్కను సరిచేయవలెను. నీవు బి.ఇడి. ముగించినది 2019లో. ఉపాధ్యాయ నియామకములకైన 2018 నాటి డి.ఎస్.సి. నీకు అందలేదు, 2024లో వెలువడిన ప్రకటన రద్దయ్యెను, 16,347 పోస్టులతో మఱల ప్రకటన వచ్చుసరికి 2025 ఏప్రిల్ అయ్యెను, కొద్ది మార్కులలో అదియు నీకు తప్పెను. "నేను దేనికిని పనికిరాను" అని నీవు మీ అమ్మతో అంటివట. ఆ మాట నాకు ఫోనులో చెప్పుచు అది ఏడ్చినది. తలుపు తెఱవకుండుట నీ దోషము కాదు, నాయనా. అయితే ఆ యొక్క తలుపు వద్దనే ఆఱేండ్లు నిలిచియుండుట మాత్రము మనమిద్దఱము కూర్చుండి విచారింపవలసిన విషయము.

ఆస్ట్రియా దేశమున వియన్నా నగరమునకు సమీపమున మారియెన్తాల్ అను చిన్న ఊరు కలదు. అచ్చటి నూలుమిల్లు 1930 ప్రాంతమున మూతబడగా ఊరంతయు ఒక్కుమ్మడి నిరుద్యోగమున పడెను. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అను ముగ్గురు ఆ ఊరివారి దినచర్యను పరిశీలించి 1933లో గ్రంథముగా ప్రకటించిరి. తీఱిక పెరిగినది గదా, జనులు ఎక్కువగా చదివియుందురని మనమనుకొందుము. కాని గ్రంథాలయమునుండి తీసికొను పుస్తకములు రెండేండ్లలో దాదాపు సగమునకు పడిపోయెను. గడియారము పట్టి చూడగా మగవారి నడక సైతము మందగించెను. వీథిలో మాటిమాటికి నిలిచిపోవుచుండిరి. ఇంటిపని తప్పని ఆడవారు మాత్రము చకచక నడచుచుండిరి. ఇది చదివిననాడు నాకు నీవే జ్ఞప్తికి వచ్చితివి. రాత్రి రెండింటివఱకు ఫోను చూచి పగలు పదింటికి లేచుచున్నావని మీ నాయన విసిగికొనుచున్నాడు. నేను దానిని సోమరితనమనను. వేళకు రమ్మని పిలుచు పని లేనప్పుడు దినమునకు మొదలు తుద లేక పోవును.

చేనికి గట్టు ఎట్లో దినమునకును అట్లే గట్టు కావలెను. ఉదయము మూడు గంటలు పరీక్షకు చదువుము. పిమ్మట గ్రంథాలయమునకు పోయి రెండు గంటలు పత్రికలలోని ప్రకటనలు చూచుట, దరఖాస్తులు, జాబులు వ్రాయుట. ఇదియే నీ పూటపని. ఆపై వెదకులాట కట్టిపెట్టుము. రాత్రింబవళ్లు వెదకువాడు వెదకుటలేదు, బెంగపడుచున్నాడు. ఒక నోటుపుస్తకమున ఏ తేదీన ఎవరికి వ్రాసితివో, ఏమి బదులు వచ్చినదో, మఱల ఎప్పుడు అడుగవలెనో గుర్తుంచుకొనుము.

ఇక నా కథ. 1973లో కావలి జవహర్ భారతిలో చదువు ముగించి, నెల్లూరి ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజిలో పేరు నమోదు చేయించుకొని, ఆ కార్డును దేవుని పటము వెనుక దాచి, మూడేండ్లకొకసారి పొడిగించుకొనుచు పిలుపుకై కాచుకొంటిని. 1959 నాటి చట్టము, ఇరువదియైదుగురును అంతకు మించియు పనివారున్న ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలుపవలెనని శాసించెనే గాని, అచ్చటివారినే తీసికొనవలెనని శాసింపలేదు. ఈ సూక్ష్మము నాకు చాల ఆలస్యముగా తెలిసెను. ప్రభుత్వ నియామకములలో సైతము ఎక్స్ఛేంజి పంపిన పేర్లతో సరిపెట్టక పత్రికలలోను ప్రకటింపవలెనని సుప్రీంకోర్టు 1996లో చెప్పినది మన కృష్ణాజిల్లా వ్యాజ్యముననే. నేను పిలుపుకై కాచుకొనియున్న ఆ రోజులలో ఒక పెద్దమనిషి కొలువు వేయించెదనని ఎనిమిదివందలు పుచ్చుకొని మాయమయ్యెను; ఆ సొమ్ము మా నాయన ఎద్దుల జత అమ్మి తెచ్చినది. తుదకు విసిగి సంగము అను ఊరిలో ఒక లారీ ఆఫీసున లెక్కలు వ్రాయుటకు చేరితిని. అచ్చటికి నెలకొకసారి వచ్చు డ్రైవరొకడు, కోవూరు ప్రాంతమున ఒక ఎయిడెడ్ పాఠశాలలో మాస్టారి ఉద్యోగము ఖాళీయైనదని మాటవరుసకు చెప్పెను. ముప్పదియేండ్ల నా ఉద్యోగము ఆ మాటవలన వచ్చినది. మన బంధువులకు మనకు తెలిసినదే తెలియును. ఎప్పుడో కనబడువానికి వేఱొక లోకము తెలియును. మార్క్ గ్రానొవెటర్ అను సమాజశాస్త్రజ్ఞుడు 1973లోనే దీనిని నిరూపించెనని తరువాత చదివితిని. నీవు ఎవరినుండి తప్పించుకొనుచు సందులలో దూరుచున్నావో, వారే నీకు వార్త తేగలవారు. ఉద్యోగమిప్పింపుమని అడుగకుము, "లెక్కలు చెప్పగలను, మీకు తెలిసినచోట ఎక్కడైన అవసరమున్నదా?" అని మాత్రమడుగుము. కాదనుట వారికిని కష్టము కాదు, వినుట నీకును కష్టము కాదు.

నీ బయోడేటా చూచితిని. మూడు పుటలు, ఎవరైనను వ్రాసికొనదగిన విశేషణములు. 2020లో కరోనావలన పాఠశాలలు మూసియుండగా మీ వీథిలోని పదకొండుమంది పిల్లలకు అరుగుమీద గణితము చెప్పితివే, వారిలో ఇద్దరికి గురుకులములో సీటు వచ్చెనే, ఆ మాట ఎక్కడను లేదు! ఒక్క పుటకు కుదించి, ఆ మాటతో మొదలుపెట్టుము.

మీ ఊరిలో చెక్క గరిటెలు చేయు కుటుంబములు కలవు గదా. నర్ది, బిక్కి కఱ్ఱలను చెక్కి వారు చేయు వస్తువులకు భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది; అయినను దూరపు ఊళ్ల కొనుగోలుదారులకు జాబు వ్రాయుటకును, బిల్లు కట్టుటకును చదివినవాని సాయము కావలసియే యుండును. సాయంత్రములు పోయి వ్రాసిపెట్టుము. వచ్చునది కొంచెమైనను, నోటుపుస్తకమున కొత్త పేర్లు చేరును. కువైటుకు పంపెదనను వాని మాట మాత్రము నమ్మకుము. ప్రభుత్వ లైసెన్సు గల ఏజెంటు సైతము ముప్పదివేల రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మించి పుచ్చుకొనరాదు, లైసెన్సు సంఖ్య చూపనివానికి మీ అమ్మ గాజులు కుదువపెట్టి ఇచ్చుట నేనుండగా జరుగరాదు.

నీవు దినదినము చూచు ఉదయగిరి కోటకొండనే 1513లో కృష్ణరాయలు ముట్టడించి ఏడాదిన్నర పోరెను. కోటకు త్రోవ ఒక్కటే, అదియు ఒకరి వెనుక ఒకరు పోవలసినంత ఇఱుకు. రాయలు బండలు పగులగొట్టించి దానిని వెడల్పు చేయించెననియు, మఱికొన్ని త్రోవలును వేయించెననియు పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాసెను. పాత త్రోవను ఆయన విడువలేదు సుమా; నీవును డి.ఎస్.సి. చదువు విడువవలదు.

వచ్చు ఆదివారము ఉదయపు బస్సుకు ఆత్మకూరు రమ్ము. నోటుపుస్తకములో మొదటి పుట నిండియుండవలెను. నా పాత శిష్యులు నలుగురైదుగురు ఇచ్చట పాఠశాలలు, దుకాణములు నడుపుచున్నారు; ఒక్కొక్కరి వద్దకు నడచియే పోవుదము. బస్టాండు ముందు, టీ కొట్టు ఎదుట అందఱికిని కనబడునట్లు నిలిచియుందును.

మీ మామ