తాళంచెవి వాళ్ళ చేతికివ్వండి

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మాది కోనసీమలో ఒక పల్లె. మే నెలాఖరున మా వెనక వీధిలో కూలి పనులు చేసుకునే దంపతుల ఇల్లు కాలిపోయింది. మట్టిగోడలు, తాటాకు కప్పు. గ్యాస్ పైపు దగ్గర మంట లేచి చూస్తుండగానే అంతా బుగ్గయింది. మనుషులు బయటపడ్డారు, అదే పదివేలు. ఇంటర్ చదివే అమ్మాయి, ఆరో తరగతి పిల్లాడు, ముసలావిడతో కలిపి ఐదుగురూ బళ్ళో ఒక గదిలో ఉంటున్నారు. జూన్ 12న బడి తెరుస్తారు. బట్టలు, బియ్యం కుప్పలుగా వచ్చాయి గానీ ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు లేరు. 'ఇల్లు కాలినవాళ్ళు, మాకు అచ్చిరాదు' అంటున్నారు. ముసలావిడేమో కాలిన స్థలం వదిలి రానంటోంది, పైగా వచ్చే నెల ఆషాఢం, ఇల్లు మారకూడదంటోంది. మా డ్వాక్రా సంఘం తరఫున ఏం చేయగలం?

జవాబు: అమ్మా, ముందు బడి తెరిచే తేదీని పట్టుకోండి. మంచి ఇంటి కోసం వెతకొద్దు. తలుపుకు తాళం పడే గది, పక్కన నీళ్ళు, మరుగుదొడ్డి ఉంటే చాలు. ఆరు నెలల మాటే చూడండి.

అచ్చిరాదన్న మాటను నేను పూర్తిగా నమ్మను. ఇల్లుగలవాళ్ళ మనసులో ఉండే భయాలు వేరు. కూలివాళ్ళు అద్దె ఎక్కణ్ణుంచి తెచ్చి కడతారు? జాలిపడి ఇస్తే రేపు ఖాళీ చేయమని ఏ నోటితో అడుగుతాం? ఇవి పైకి చెప్పడానికి మొహమాటం, అందుకే అరిష్టం మాట ముందుకొస్తుంది. ఈ రెంటికీ మందు మీ సంఘం దగ్గరుంది. ఆరు నెలల అద్దె ఒకేసారి చేతిలో పెట్టండి. పదకొండు నెలలకు అద్దె కాగితం రాయించి, సాక్షులుగా మీలో ఇద్దరు సంతకం చేయండి. కాగితం మాత్రం ఆ దంపతుల పేరునే ఉండాలి. మీ వైపు కువైట్ వెళ్ళినవాళ్ళవి, హైదరాబాద్‌లో పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్ళవి ఇళ్ళు తాళాలు వేసి ఉంటాయి కదా, ముందు వాళ్ళకు ఫోన్ చేయండి. చెదలు పట్టే ఇంట్లో ఎవరో ఒకరు దీపం పెడితే మేలని వాళ్ళకూ ఉంటుంది.

'ఎవరైనా బంధువుల ఇంటికి పంపేద్దాం, ఖర్చు తగ్గుతుంది' అని మీలో ఎవరో ఒకరు అంటారు. దయచేసి ఒప్పుకోకండి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా ఇల్లు కాలింది. ఏడాదిన్నర పెద్దమ్మ వాళ్ళింట్లో ఉన్నాం. పెద్దమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అయినా మా అమ్మ కాసిని కాఫీ పెట్టుకోవాలన్నా 'అక్కా, పొయ్యి ఖాళీయేనా' అని అడిగేది. తర్వాత నాన్న రేకుల గది ఒకటి అద్దెకు తీసుకుని తాళంచెవి తెచ్చిస్తే, అమ్మ దాన్ని మంగళసూత్రానికున్న పిన్నీసుకు తగిలించుకుంది. గది తలుపులు తెరిచే ఉన్నా, వారం దాకా ఆ తాళంచెవి అక్కణ్ణుంచి తీయలేదు. అందుకే చెబుతున్నాను, గది చిన్నదైనా ఊళ్ళోనే చూడండి. అమ్మాయి కాలేజీ, పిల్లాడి బడి, వాళ్ళ కూలి పని, అప్పిచ్చే కిరాణా కొట్టు అన్నీ అక్కడే ఉన్నాయి.

ముసలావిడది మొండితనం కాదు. రెండు సెంట్ల స్థలం ఖాళీగా కనిపిస్తే పక్కవాడి కంచె ఎలా జరుగుతుందో ఆవిడ బతుకంతా చూసే ఉంటుంది. బూడిద ఎత్తకముందే నాలుగు వైపులా ఫోటోలు తీయండి. ఇరుగుపొరుగును నిలబెట్టి హద్దురాళ్ళు పాతండి. మూలన చిన్న పందిరి వేయించి, పగలు అక్కడ, రాత్రి గదిలో ఉండమనండి. పట్టా కాలిపోయి ఉంటే నకలు కోసం తహసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టించి, ఆ రసీదు ఆవిడ చేతికే ఇవ్వండి. అప్పుడు వస్తుంది. ఆషాఢం గురించి వాదన వద్దు. జూన్ 12కి ముందే పాలు పొంగించేస్తే ఆ అభ్యంతరమే ఉండదు.

డబ్బు దగ్గర మాత్రం జాగ్రత్త, ఒక్క మాటతో లక్ష రూపాయలు తారుమారవుతాయి. విపత్తు సాయానికి కేంద్రం పెట్టిన 2022-26 ప్రమాణాల్లో అగ్నిప్రమాదం కూడా ఉంది. వాటి ప్రకారం గుడిసె పోతే 8,000 రూపాయలు. అదే 'ఇల్లు' పూర్తిగా దెబ్బతింటే, అది కచ్చా ఇల్లయినా సరే, మైదాన ప్రాంతంలో 1,20,000. కచ్చా ఇంటికన్నా తక్కువరకం, తాత్కాలికంగా వేసుకున్నదే అక్కడ గుడిసె. మట్టిగోడలు లేపి, గుమ్మం నిలబెట్టి, డోర్ నంబరు వేయించుకుని పన్ను కడుతున్నదాన్ని గుడిసె అని రాస్తే ఊరుకోకూడదు. వీఆర్వో పంచనామా రాసేటప్పుడు మీరు పక్కనే ఉండండి. చదివించుకుని, 'కచ్చా ఇల్లు' అని ఉంటేనే సంతకం పెట్టమనండి. ఇంటి పన్ను రసీదులు కాలిపోయినా పంచాయతీ రిజిస్టరులో లెక్క ఉంటుంది, కరెంటు బిల్లూ పనికొస్తుంది. ఆ ప్రమాణాల్లోనే బట్టలకు 2,500, వంటసామానుకు 2,500 విడిగా ఉన్నాయి, అవీ అడగండి.

మంట గ్యాస్ వల్లే లేచిందన్నారు కాబట్టి ఇంకొకటి. ఆయిల్ కంపెనీలు వినియోగదారుల కోసం బీమా తీసుకుంటాయి. కనెక్షన్ నమోదైన చిరునామాలో గ్యాస్ వల్ల ప్రమాదం జరిగితే ఆస్తి నష్టానికి గరిష్ఠంగా 2 లక్షల దాకా వీలుంది. విడిగా ప్రీమియం కట్టనక్కర్లేదు కాబట్టి అలాంటిది ఉందనే చాలామందికి తెలియదు. గ్యాస్ ఏజెన్సీకి నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా, ఆలస్యం చేయకుండా చెప్పించండి. అగ్నిమాపక కేంద్రం ఇచ్చే నివేదిక, పోలీసు ఫిర్యాదు నకలు దానికి జతచేయాలి. ఈ డబ్బులేవీ వారంలో వచ్చేవి కావు, అందుకే మీరు కట్టే ఆరు నెలల అద్దెకు అంత విలువ.

బట్టలు ఇక చాలని రామాలయం మైకులో చెప్పించండి. ఆ తల్లి దగ్గర కూర్చుని ఏం కావాలో మెల్లగా అడగండి. ముసలావిడ కళ్ళజోడు, బీపీ మాత్రలు, పిల్లల చెప్పులు, అమ్మాయికి లోదుస్తులు, ప్యాడ్లు... ఇవి ఎవరూ మూటగట్టి తెచ్చివ్వరు. వచ్చేపోయేవాళ్ళంతా తొంగిచూసే గదిలో ఆ పిల్ల ఇన్నాళ్ళుగా ఎలా బట్టలు మార్చుకుంటోందో ఒక్కసారి ఆలోచించండి.

ప్రశ్న: ఖమ్మం దగ్గర మా ఇల్లు కాలింది. అద్దె ఇంటికి అడ్వాన్సు కోసం బీరువాలో దాచిన నోట్ల కట్ట అంచులు మాడి, మధ్యలో అతుక్కుపోయింది. బ్యాంకులో తీసుకోలేదు. అంతా పోయినట్టేనా?

జవాబు: పోయిందని అప్పుడే అనుకోకండి, అన్నా. బాగా కాలి పెళుసెక్కిన నోట్లను మామూలు బ్యాంకు శాఖలు తీసుకోవు, నిబంధనే అది. వాటిని రిజర్వు బ్యాంకు ఇష్యూ కార్యాలయంలోనే ఇవ్వాలి. మీకైతే హైదరాబాద్ సైఫాబాద్‌లోనిది. 50 రూపాయలు, ఆపై నోట్లలో విడిపోకుండా మిగిలిన పెద్ద ముక్క 80 శాతం దాటితే పూర్తి విలువ, 40 నుంచి 80 దాకా ఉంటే సగం, అంతకన్నా తక్కువైతే ఏమీ రాదు. అందుకే కట్టను విప్పొద్దు, అతుక్కున్నవాటిని ఊడదీయొద్దు. దూది పరిచిన స్టీలు డబ్బాలో, ఉన్నది ఉన్నట్టుగా కదలకుండా తీసుకెళ్ళండి. ప్రమాద నివేదిక నకలు వెంట ఉంచుకోండి. అడ్వాన్సు సంగతి ఇంటి యజమానికి ఉన్నదున్నట్టు చెప్పి, డబ్బా కూడా చూపించి నెల రోజులు గడువు అడగండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. పల్నాడులో మిరప సాగు చేసే తమ్ముడి ఇల్లు కాలింది. గుంటూరులో నా ఫ్లాటు ఖాళీగానే ఉంది, వచ్చి ఉండమంటే రానంటున్నాడు. ఊళ్ళోనే రెండు గదులు అద్దెకు తీసుకుంటాడట. అంత పట్టుదల దేనికి?

జవాబు: మీ తమ్ముడి మిరప చేను గుంటూరులో లేదు కదా. ఆ ఫ్లాటులో మీ తమ్ముడు ఎన్నాళ్ళున్నా అన్నయ్య ఇంట్లో ఉన్నట్టే. తను ఎంచుకున్న గదులకే అద్దె పంపండి, ప్రతి నెలా ఒకే తారీఖున, అడిగించుకోకుండా. తిరిగి ఇచ్చేస్తానంటే వద్దనకండి. ఎప్పుడని మాత్రం అడగకండి.