స్వరలిపి

గణితంలో కూడికకు ఒక గుర్తు ఉంది. దానిని చూడగానే ఏ భాషవారైనా అంకెలను కలుపుతారు. ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క అర్థాన్ని ముందుగా ఏర్పరచుకొని, ఆ గుర్తులను క్రమపద్ధతిలో వాడడమే సంకేతలిపి. పాటను కాగితం మీద నిలిపే సంకేతలిపికి స్వరలిపి అని పేరు.

కర్ణాటక సంగీతంలో స, రి, గ, మ, ప, ద, ని అనే అక్షరాలు స్వరాలను తెలుపుతాయి. అక్షరం పైన చుక్క ఉంటే తారస్థాయి, కింద ఉంటే మంద్రస్థాయి. చుక్క లేకుంటే మధ్యస్థాయి. 'స' అని హ్రస్వంగా రాస్తే ఒక అక్షరకాలం, 'సా' అని దీర్ఘంగా రాస్తే రెండు. కామా స్వరాన్ని మరొక అక్షరకాలం పొడిగిస్తుంది. స్వరాలపై అడ్డగీత గీస్తే వాటి కాలం సగమవుతుంది. హ్రస్వదీర్ఘ భేదం మన లిపిలోనే ఉండడం ఎంత సదుపాయమో గమనించదగినది.

కాని గాయకుడు స్వరాన్ని ఉన్నచోటనే ఉంచడు. ఊపుతాడు, జారుస్తాడు, నొక్కుతాడు. ఇదే గమకం. గమకం లేకపోతే చాలా రాగాలు గుర్తుపట్టరానివవుతాయి. పూర్వం శిష్యులు దీనిని గురుముఖంగానే నేర్చుకొనేవారు. నేర్చినవారు మరొకరికి చెప్పకుండా గతిస్తే, వారితోపాటు పాట కూడా పోయేది.

సుబ్బరామ దీక్షితులు (1839–1906) తమిళసీమలోని ఎట్టయపురం సంస్థాన విద్వాంసులు. వాగ్గేయకారుడైన ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులకు ఈయన దౌహిత్రుడు, దత్తపుత్రుడు కూడా. మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేస్తూ వచ్చిన చిన్నస్వామి ముదలియారు ప్రోత్సహించగా, సంస్థానాధిపతి అండతో ఈయన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' రచించారు. అది 1904లో ఎట్టయపురంలోనే అచ్చయింది. ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229 అందులో స్వరసహితంగా ఉన్నాయి. ఆ కృతుల మాటలు చాలావరకు సంస్కృతం, అచ్చయిన ఊరు తమిళదేశం, గ్రంథమేమో తెలుగు! ఆనాడు దక్షిణాది సంగీత విద్వాంసులకు తెలుగు అంతగా అలవాటైన భాష. మద్రాసు సంగీత అకాడమీ తరువాతి కాలంలో ఈ గ్రంథాన్ని తమిళలిపిలో ప్రచురించింది.

సుబ్బరామ దీక్షితులు గమకాలకు కూడా గుర్తులు పెట్టారు. అల వంటి గీత కంపితాన్ని, అంటే ఊపును తెలుపుతుంది. పైకెక్కే ఏటవాలు గీత ఉంటే స్వరం పైకి జారాలి, దిగే గీత ఉంటే కిందికి.

అయినా అలగీత ఊపమని చెబుతుందే కాని, ఎంత మేర ఊపాలో చెప్పదు. తోడిలోనూ భైరవిలోనూ ఉండేది సాధారణ గాంధారమే. పాడేటప్పుడు మాత్రం రెంటి ఊపూ వేరు. అందువల్లనే దీక్షితులు గుర్తులిచ్చి ఊరుకోక, ఆయా గమకాలను వీణపై ఎలా పలికించాలో కూడా అదే గ్రంథంలో వివరించారు.