గునుగు తెంపిన పొద్దు

శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో ముప్పై ఏండ్లు పనిచేసి దిగిపోయాను. నా మనుమరాలికి ఇప్పుడు తొమ్మిదేండ్లు. ఏడాది నిండకముందే తలసేమియా అని తేలింది. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ పిల్ల పక్కన కూర్చొని నేర్చుకున్నవి ఇవి.

1. పండుగ కన్నా ముందు రక్తం తేదీ చూసుకోవాలి. రక్తం తగ్గేకొద్దీ పిల్ల మొహం పాలిపోతుంది, గడప దాటితేనే ఆయాసం. ఎక్కించిన మర్నాడు లేడిపిల్లే. అందుకే నిరుడు సద్దుల బతుకమ్మకు డాక్టరమ్మనడిగి తేదీ నాలుగు రోజులు ముందుకు జరిపించుకున్నాం. పండుగనాడు తెల్లారకముందే నన్ను లేపి, "తాతా, గునుగు తెంపుకొద్దాం పా" అంది. ఓపెన్‌కాస్ట్ మట్టికుప్పల అవతలి చెలకల్లో గునుగు తెల్లగా, తంగేడు పచ్చగా విరగబూసింది. పిల్ల పూలు తెంపింది సగం సేపే. మిగతా సగం ఒక గొల్లభామను అరచేతిలో పెట్టుకొని దానితో ముచ్చట్లే. నేను తొందరపెట్టలేదు.

2. పిల్లల దగ్గర దాచొద్దు. ఆరేండ్లప్పుడు "నా రక్తం ఎటు పోతంది తాతా?" అనడిగింది. "నీ రక్తకణాలు తొందరగా అరిగిపోతయి బిడ్డా, అందుకే బదులు తెచ్చుకుంటున్నం" అన్నాను. అప్పట్నుంచి సూదికి ఏడుపు తగ్గింది. ఆ బదులు కోసమే నా బాయి దోస్తుల కొడుకులు మూడు నెలలకోసారి రక్తమిస్తారు. వాళ్ళిండ్లకు మలీద ముద్దలు తనే పంచి వస్తుంది.

3. రక్తం పట్టాలని ఐరన్ టానిక్ తాగించమంటారు చుట్టాలు. డాక్టర్ చెప్పకుండా తాగించొద్దు. ఎక్కించిన రక్తంతో వచ్చే ఇనుమే గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని బయటికి పంపే మాత్ర ఒక్క రోజు కూడా తప్పకూడదు.

4. నేను చేసిన తప్పు చెబుతాను. మొదట్లో ఈ జబ్బు వాళ్ళ వైపు నుంచే వచ్చిందని కోడలి పుట్టింటి వాళ్ళను అన్నాను. పరీక్ష చేయిస్తే నా కొడుకులోనూ తలసేమియా వాహక లక్షణం ఉంది. తల్లీ తండ్రీ ఇద్దరిలో ఉంటేనే ఈ జబ్బు వస్తుంది, అదీ ప్రతి కాన్పుకు నాలుగింట ఒక వంతు. పెండ్లికి ముందే హెచ్‌బీ ఏ2 రక్తపరీక్ష చేయించుకుంటే తెలిసిపోయేది. కోడలి ముందు కూర్చొని తప్పు ఒప్పుకున్నాను. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మా ఇంట్లో నవ్వు మళ్ళీ మొదలైంది ఆ తర్వాతే.

5. అలసిపోతుందని ఆపొద్దు. నిరుటి సద్దులనాడు రాత్రి నా కొడుకు షిఫ్టు మార్పించుకొని వచ్చాడు. పిల్ల తాను పేర్చిన చిన్న బతుకమ్మను ఎత్తుకొచ్చి ఆడవాళ్ళ వరుసలో కలిసింది. కాళ్ళు నొస్తున్నాయని వాళ్ళ నానమ్మ కూర్చుండిపోయింది. పిల్ల మాత్రం ఆఖరి బతుకమ్మ నీళ్ళలో కలిసేదాకా చప్పట్లు ఆపలేదు.