ఒకే పేటలో ముప్పై ఏళ్లు – మిల్టన్ రోగోవిన్ ఫోటోలు నేర్పే పాఠం

ఫోటోగ్రఫీ అనగానే మంచుకొండలు, జలపాతాలు, సినిమా తారలు గుర్తుకు రావడం సహజం. మన వీధిలో ఫోటో తీయడానికి ఏముందని చాలామంది అనుకుంటారు. మన వాడల బొమ్మలు పేపర్లో పడాలంటే గుడిసెలన్నా కాలాలి, వరదన్నా రావాలి అన్నట్టుంటుంది. మామూలు రోజున మామూలు మనిషి ఫోటోకు పనికిరాడా? ఈ ప్రశ్నకు అమెరికా ఫోటోగ్రాఫర్ మిల్టన్ రోగోవిన్ తన పనితోనే జవాబు చెప్పారు. ఆయన గురించి హాస్టల్ మిత్రులకు, పూర్వ విద్యార్థులకు తెలియజేయాలని మా చిన్న ప్రయత్నం.

ఎవరీ రోగోవిన్?

ఆయన 1909లో న్యూయార్క్‌లో జన్మించారు. కళ్లు పరీక్షించి అద్దాలు ఇచ్చే విద్యలో 1931లో కొలంబియా విశ్వవిద్యాలయం నుండి పట్టా పొందారు. 1938లో బఫెలో అనే పారిశ్రామిక నగరానికి వెళ్లి, మరుసటి ఏడాది అక్కడే సొంతంగా కళ్లజోళ్ల షాపు పెట్టుకున్నారు. 1942లో ఆన్ అనే ఆమెను వివాహం చేసుకున్నారు. మొదటి కెమెరా కొన్నదీ ఆ ఏడాదే.

1957లో ఆయన జీవితం మలుపు తిరిగింది. కమ్యూనిస్టులన్న అనుమానంతో ఎంతోమందిని విచారించిన అమెరికా పార్లమెంటు కమిటీ ఆయననూ పిలిపించింది. వాళ్ల ప్రశ్నలకు ఆయన జవాబు చెప్పలేదు. స్థానిక పత్రిక ఆయనకు ఎర్రముద్ర వేసింది. షాపుకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. అప్పుడు ఇంటిని నిలబెట్టింది టీచరుగా పనిచేస్తున్న భార్య జీతమే. నోటితో చెప్పనివ్వని మాటను ఫోటోలతో చెప్పాలని ఆయన నిర్ణయించుకున్నారు. 1958లో నగరంలోని నల్లజాతి పేదల చిన్న చిన్న చర్చిలను ఫోటోలు తీశారు. 1962లో అవి ఒక ప్రసిద్ధ ఫోటోగ్రఫీ పత్రికలో అచ్చయినప్పుడు ముందుమాట రాసింది నల్లజాతి మేధావి డుబోయిస్.

ఆరు బ్లాకుల పేట

1972లో తన షాపుకు దగ్గరలోనే ఉన్న లోయర్ వెస్ట్ సైడ్ అనే పేదల పేటలో ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. పేట మొత్తం ఆరు బ్లాకులు. అక్కడ పోర్టోరికో నుండి వచ్చినవాళ్లు, నల్లజాతివాళ్లు, ఇటలీ సంతతివాళ్లు, అమెరికా మూలవాసులు కలిసి ఉండేవారు. కెమెరాతో వచ్చినాయన పోలీసుల మనిషేమోనని మొదట అనుమానించారు. ఆన్ కూడా వెంట వచ్చి అందరితో మాట కలిపేది. తీసిన ఫోటోను ప్రింటు వేయించి ఎవరి ఫోటో వాళ్లకు తెచ్చి ఇచ్చేవారు. అలా నమ్మకం కుదిరింది.

ఆయన వాడింది రోలీఫ్లెక్స్ అనే రీలు కెమెరా. దానికి రెండు కటకాలు ఉంటాయి. పైది చూడటానికి, కిందిది ఫోటో తీయడానికి. దీన్ని కంటికి ఆనించరు. నడుము దగ్గర పట్టుకుని పైనుండి తలవంచి చూస్తారు. అంటే ఎదుటి మనిషి ముందు ఫోటోగ్రాఫరే తల వంచాలి! ఒక రీలుకు వచ్చేవి 12 ఫోటోలే. కనుక అడిగి, ఆగి, చూసి తీయాలి. ఎలా నిలబడాలో, ఏ బట్టలు వేసుకోవాలో ఆయన చెప్పేవారు కాదు. వాళ్లు తమను తాము ఎలా చూపించుకోదలచుకుంటే అలాగే తీసేవారు. ఇంటి మెట్ల మీద, ముందుగదిలో, వీధిలో తీసిన ఆ ఫోటోల్లో పేదరికం కనబడుతుంది గానీ దీనత్వం కనబడదు. వాళ్లు మనవైపు సూటిగా చూస్తారు.

మళ్లీ మళ్లీ వెళ్లడం

అసలు గొప్పతనం ఇక్కడుంది. 1984లో ఆయన అదే పేటకు తిరిగి వెళ్లి అవే మనుషులను వెతికి ఫోటోలు తీశారు. 1992లో మరోసారి, 2000లో ఇంకోసారి వెళ్లారు. అప్పటికి ఆయనకు 90 ఏళ్లు. మొదటి ఫోటోలోని పసిబిడ్డలు తరువాతి ఫోటోల్లో బిడ్డల తల్లిదండ్రులయ్యారు. ఒకరిద్దరి జుట్టు నెరిసింది. ఒక మనిషివి మూడు నాలుగు ఫోటోలు పక్కపక్కన పెడితే అది ఒక కుటుంబ చరిత్ర. 1999లో అమెరికా జాతీయ గ్రంథాలయం ఆయన ఫోటోలను సేకరించి భద్రపరచింది. ధనవంతులకు వాళ్ల ఫోటోగ్రాఫర్లు వాళ్లకు ఉన్నారు కాబట్టి తాను పేదల వైపు నిలబడ్డానని ఆయన అనేవారు. 2011లో 101వ ఏట మరణించారు.

మనకేమిటి?

మా ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం మేము. మా తాతల ముఖాలు ఎలా ఉండేవో మాకు తెలియదు. వాళ్ల ఫోటో ఒక్కటీ లేదు. ఫారాలకు అతికించిన పాస్‌పోర్టు సైజు ఫోటోలే మాలో చాలామందికి చిన్ననాటి గుర్తులు. ఫోటో లేకపోవడమంటే చరిత్రలో ఆ పేజీ ఖాళీగా ఉండటమే. ఆ పేజీ నింపవలసింది మనమే.

ఈ రోజు సెల్‌ఫోన్‌లో వందల ఫోటోలు తీసుకుంటున్నాం. కానీ ఫోను పాడైతే అన్నీ పోతాయి. అందుకే రోగోవిన్ పద్ధతిని ఇలా పాటిద్దాం:

1. అడగకుండా ఎవరి ఫోటో తీయరాదు.
2. వాళ్లకు నచ్చినట్టు నిలబడనివ్వాలి.
3. ఒక ప్రింటు వాళ్లకు తప్పక ఇవ్వాలి.
4. ఇంకో ప్రింటు వెనుక పేరు, ఊరు, తేదీ రాసి దాచాలి.
5. కొన్నేళ్లకు అదే మనిషిని అదే చోట మళ్లీ తీయాలి.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మన అమ్మతో, నాయనమ్మతో, పక్కింటి పెద్దాయనతో మొదలుపెట్టవచ్చు. ఇక్కడ హాస్టల్‌లో తెల్లవారక ముందే పొయ్యి వెలిగించే వంటమనిషి, కామాటి, రాత్రంతా మేలుకునే వాచ్‌మన్ ఉన్నారు. ఈ వార్షికోత్సవానికి వాళ్లను ముందు వరుసలో కుర్చీల్లో కూర్చోబెట్టి ఒక ఫోటో తీద్దాం. పదేళ్ల తరువాత పూర్వ విద్యార్థులుగా వచ్చి అదే చోట మళ్లీ తీద్దాం. ఆ రెండు ఫోటోల మధ్య ఉన్నదే మన హాస్టల్ చరిత్ర.